విత్తనాలు, మొక్కలు ఇచ్చిపుచ్చుకోవడం: ఏది తీసుకోవచ్చు, ఏది వద్దు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: "విజయవాడ భవానీపురంలో ఉంటాం. ఏడాదిగా మేడ మీద కూరగాయలు పెంచుతున్నాను. తెలిసిన మిద్దె తోటల వాళ్ళు విత్తనాలు, మొక్కలు ఇస్తామంటున్నారు. కిందటిసారి ఒకరిచ్చిన మందారంతో తోటంతా పిండినల్లి పట్టింది. ఇంకొకరిచ్చిన సొర విత్తనం వేస్తే కాయలు చేదుగా వచ్చాయి. మళ్ళీ తీసుకోవాలంటే టెన్షన్‌గా ఉంది. పైగా తిరిగి ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు, మొహమాటం. హైదరాబాద్‌లో ఉన్న మా ఆడపడుచుకి విత్తనాలు పంపాలంటే ఎలా?"

తీసుకోండి, భయపడకండి. కాకపోతే ఒక వరస పెట్టుకోండి. మొదట విత్తనం, అది కుదరకపోతే కొమ్మ, ఏదీ కుదరకపోతేనే కుండీతో సహా మొక్క. వేరే తోటలో మట్టి మాత్రం మీ తోటలోకి రానివ్వకండి. విత్తనంతో పాటు అది ఎక్కడిది, ఎప్పటిది, ఎప్పుడు వేయాలి అని రాసిన చీటీ కూడా అడిగి తీసుకోండి. నా మటుకు నాకు చీటీ లేని అరుదైన రకం కంటే చీటీ ఉన్న మామూలు బెండ విత్తనమే విలువైనది.

నేను గుంటూరు కొరిటెపాడులో ఉంటాను. మేడ మీద కూరగాయలు, ఆకుకూరలు పెంచడం చాలా ఏళ్ళ అలవాటు. నా దగ్గరున్న రకాల్లో సగానికి పైగా ఎవరో ఒకరు ఇచ్చినవే. కాబట్టి ఇది పుస్తకం చూసి చెబుతున్నది కాదు.

ముందు పిండినల్లి సంగతి. మందారం, జామ, సీతాఫలం, బొప్పాయి, ఇవన్నీ దానికి ఇష్టం. కణుపుల్లో, ఆకు అడుగున, మొగ్గ తొడిమ దగ్గర దాక్కుని ఉంటుంది కాబట్టి చాలాసార్లు ఇచ్చినవాళ్ళకే తెలియదు. వాళ్ళని తప్పు పట్టకండి. తీసుకునేటప్పుడు ఒక గుర్తు చూసుకోండి: కాండం మీద చీమలు వరసగా ఎక్కుతూ దిగుతూ ఉంటే ఆ మొక్క వద్దు. పిండినల్లి, పేనుబంక విడిచే తియ్యటి జిగురు కోసమే చీమలు తిరుగుతాయి. మన కంటికి పురుగు కనపడక ముందే చీమలు కనపడతాయి.

తెచ్చిన మొక్కను ఆ రోజే తోటలో కలపకండి. మెట్ల గది పక్కనో, కింద గేటు దగ్గరో రెండు వారాలు విడిగా ఉంచండి. దానికి నీళ్ళు చివర్లో పోయండి, తోటలో పని అంతా అయ్యాక ముట్టుకోండి. ఈ రెండు వారాల్లో గుడ్లలో ఉన్నవి కూడా బయటపడతాయి. కనపడితే ముందు గట్టిగా నీళ్ళు కొట్టి కడగండి, తర్వాత లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొద్దిగా సబ్బు నీళ్ళు కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయండి. మిట్టమధ్యాహ్నం ఎండలో కొడితే ఆకులు మాడతాయి.

మట్టిలో వచ్చేవి ఇంతకన్నా మొండివి. తుంగ గడ్డ ఒక్కటి వచ్చిందంటే దాన్ని వదిలించుకోవడం మీ తరం కాదు. పైన గడ్డి పీకినా కింద గడ్డలు మిగిలే ఉంటాయి. నత్త గుడ్లు, వయ్యారిభామ గింజలు కూడా ఇలాగే వస్తాయి. అన్నిటికన్నా ప్రమాదం నులిపురుగులు, అంటే మట్టిలో ఉండే, కంటికి కనపడనంత సన్నటి పురుగులు. టమాటా, వంగ, బెండ, కనకాంబరం వేర్లకు బుడిపెలు కట్టించి మొక్కని నెమ్మదిగా చంపుతాయి. వీలుంటే కుండీ వంచి వేర్లు చూపించమని అడగండి, ఇందులో మర్యాద తప్పేదేమీ లేదు. అయితే చిక్కుడు, అలసంద వేర్లకు సహజంగానే బుడిపెలుంటాయి. అవి గాలిలో నత్రజనిని పట్టి మొక్కకు ఇచ్చే మంచి బుడిపెలు, గోటితో గీకితే ఊడి వస్తాయి. నులిపురుగు బుడిపె అలా ఊడదు, అక్కడ వేరు తానే ఉబ్బిపోయి ఉంటుంది.

ఇప్పటికే అనుమానం ఉన్న మట్టి ఉంటే పారేయక్కర్లేదు. మే నెలలో బాగా తడిపి, పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ షీటు కప్పి, అంచులు గాలి చొరకుండా మూసి నాలుగు నుంచి ఆరు వారాలు ఎండలో వదిలేయండి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు కదా, ఆ ఎండ ఇందుకైనా పనికొస్తుంది. తర్వాత ఆ మట్టిలో ఒక విడత బంతి వేస్తే ఇంకా మంచిది. బంతి వేర్లంటే నులిపురుగులకు పడదు.

మిరప గురించి ప్రత్యేకంగా చెప్పాలి, మనది గుంటూరు ప్రాంతం కాబట్టి. 2021లో నల్ల తామర పురుగు వచ్చి ఇక్కడి మిరప చేలను ఎలా ముంచిందో మీకు గుర్తుండే ఉంటుంది. అది ఎక్కువగా పువ్వుల్లో చేరుతుంది. అందుకని మిరప, బంతి లాంటివి పూతతో ఉన్న మొక్కలు తీసుకోవాల్సి వస్తే పూలు, మొగ్గలు అక్కడే తుంచేసి తెచ్చుకోండి. నాలుగు పూలు పోయినా మళ్ళీ పూస్తుంది. టమాటా నారు కూడా వేరే మేడ మీద నుంచి తేవడం నాకు ఇష్టం ఉండదు. ఆకుముడత వైరస్ గింజలో రాదు గానీ తెల్లదోమ కుట్టిన నారులో వస్తుంది. టమాటా విత్తనమే అడగండి, నారు మీరే పోసుకోండి. అలసంద, చిక్కుడు సంగతి దీనికి తిరగబడి ఉంటుంది: ఆకుల మీద పసుపు, ఆకుపచ్చ మచ్చలు కలిసిన మొజాయిక్ ఉంటే ఆ వైరస్ గింజలో కూడా రాగలదు. అలాంటి మొక్క గింజ వద్దు.

కొమ్మలతో ఇన్ని తిప్పలు ఉండవు. బచ్చలి, పొన్నగంటి, తమలపాకు, మునగ, నందివర్ధనం కొమ్మలుగానే వస్తాయి. ఇంటికి తెచ్చాక పైన చెప్పిన వేపనూనె నీళ్ళలో ఒకసారి ముంచి, కొత్త మట్టిలో గుచ్చండి. దొండకు మాత్రం విత్తనం ఎప్పుడూ అడగకండి. దొండలో ఆడ, మగ తీగలు వేరువేరు. అందరి ఇళ్ళలో పెరిగేది ఆడ తీగ కొమ్మే. గింజ వేస్తే మగ తీగ రావచ్చు, పూలు చూసుకుంటూ కూర్చోవాలి. కరివేపాకుకు వేరు దగ్గర వచ్చే పిలక అడగండి. గింజే కావాలంటే పండు నుంచి తీసిన వెంటనే వేయాలి, నిలవ ఉంటే మొలవదు.

ఇక చేదు సొరకాయ. ఇది రుచికి సంబంధించిన విషయం మాత్రమే కాదు, అందుకే కాస్త గట్టిగా చెబుతున్నాను. చేదు సొరకాయ వండకండి, రసం అసలు తాగకండి. సొర, దోస, బీర జాతుల్లో చేదుకు కారణం కుకుర్బిటాసిన్ అనే విష పదార్థం, ఉడికించినా పోదు. చేదు సొరకాయ రసం తాగి మన దేశంలో మనుషులు చనిపోయిన సందర్భాలున్నాయి. ఆ తర్వాత భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల కమిటీ కూడా చేదు రసం తాగవద్దని హెచ్చరించింది. ఇంట్లో కాసిన ప్రతి సొరకాయనీ కోయగానే చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూసి, చేదు తగిలితే ఉమ్మేసి కాయ మొత్తం పారేయండి. ఆ తీగ విత్తనం ఎవరికీ ఇవ్వకండి.

అది ఎందుకు వచ్చి ఉంటుంది? బహుశా ఇచ్చినవారి సొర పువ్వు మీద ఎక్కడో ఉన్న చేదు సొర పుప్పొడి పడి ఉంటుంది. సొర, బీర, కాకర, గుమ్మడి, పొట్ల, దోస, వీటన్నిటికీ మగ పువ్వు, ఆడ పువ్వు వేరు. తేనెటీగలో, రెక్కల పురుగులో పుప్పొడి మోయాలి. ఈ జాతుల్లో సర్టిఫైడ్ విత్తనం పండించాలంటే అదే జాతి వేరే రకం 500 మీటర్ల లోపు ఉండకూడదని మన దేశంలో విత్తన ప్రమాణం. మిరపకు అది 200 మీటర్లు, టమాటాకు 25 మీటర్లు. భవానీపురంలో 500 మీటర్లంటే ఎన్ని మేడలో లెక్కేసుకోండి. పక్క వీధిలో ఎవరో వేసిన పొట్టి సొర మీ పొడుగు సొర గింజలో కలుస్తుంది.

ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. పక్కన వేరే రకం ఉంటే ఈ ఏడాది కాయ మారదు. బజ్జీ మిరప పక్కన గుంటూరు మిరప ఉన్నంత మాత్రాన బజ్జీ మిరపకాయ కారమైపోదు. లోపలున్న గింజ మారుతుంది. అది తెలిసేది ఆ గింజ వేసి కాపు వచ్చాక, అంటే వచ్చే ఏడాది.

మీరు విత్తనానికి వదిలేటప్పుడు దీన్ని సులువుగా ఆపొచ్చు. సొర, బీర, పొట్ల పూలు సాయంత్రం విచ్చుకుంటాయి. కాబట్టి ఆ రోజు విచ్చుకోబోయే ఆడ మొగ్గకీ రెండు మగ మొగ్గలకీ మధ్యాహ్నమే దారం కట్టండి. పొద్దుగూకాక విప్పి, మగ పువ్వు పుప్పొడి ఆడ పువ్వుకి రాసి, మళ్ళీ ఆడ పువ్వు మూసి కట్టి, కాడకి రంగు దారం గుర్తు పెట్టండి. కాకర, గుమ్మడి, దోస పొద్దున్నే విచ్చుకుంటాయి, వాటికి ముందు రోజు సాయంత్రం కట్టాలి. మిరప, వంగ అయితే ఒక మంచి మొక్క మీద పాత దోమతెర కప్పేస్తే చాలు, అప్పుడప్పుడూ కొమ్మలు కదిలించండి. టమాటా, మెంతి, గోరుచిక్కుడు తమలో తామే గింజ కడతాయి, వాటికి ఈ హడావిడి అక్కర్లేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఈ మూడింటితో మొదలుపెడితే మాట పోదు.

విత్తనానికి ఎప్పుడూ మంచి మొక్క మీద నడికాపు కాయలు వదలండి. కూరకు పనికిరాక చివర్లో మిగిలిన వంకర కాయలు విత్తనానికి వదలడం చాలా ఇళ్ళలో అలవాటు, అది మానండి.

హైబ్రిడ్ గురించి రెండు మాటలు. కొన్న ప్యాకెట్ మీద ఎఫ్1 అనో హైబ్రిడ్ అనో ఉంటే దాని కాయ గింజ ఎవరికైనా ఇచ్చే ముందు ఆ మాట చెప్పాలి. మొలవదని కాదు, మొలుస్తుంది. తల్లి లాగా కాయదు, పది మొక్కలు వేస్తే పది రకాలుగా ఉండొచ్చు. తైవాన్ రెడ్ లేడీ బొప్పాయి గింజలు పంచేవాళ్ళు దీన్ని మర్చిపోతుంటారు.

చీటీ ఎలా ఉండాలో నాది ఒకటి రాస్తున్నాను: "పందిరి చిక్కుడు, కాయ అంచు ఊదా రంగు, గింజ నలుపు. తెనాలి దగ్గర పల్లె నుంచి వచ్చింది, నాటు. జనవరి 2025 గింజ. ఆషాఢంలో పెట్టాలి, కార్తీకం నుంచి కాపు. పెద్ద డ్రమ్ము కావాలి. పక్కన వేరే చిక్కుడు లేదు." ఇంతే. ఇందులో అతి ముఖ్యమైనది ఎప్పుడు పెట్టాలన్నది. పందిరి చిక్కుడు పగలు పొట్టిగా ఉండే రోజుల్లోనే పూస్తుంది. రథసప్తమికి చిక్కుడుకాయల రథం చేసుకుని, అదే వారం గింజ పంచుకుంటాం కదా, తీసుకున్నవాళ్ళు మర్నాడే పెట్టేస్తారు. ఎండాకాలం అంతా తీగ సాగుతుంది, ఒక్క పువ్వు ఉండదు, విత్తనం మంచిది కాదని మనల్ని అంటారు. గోంగూర కూడా అంతే, పొద్దు తగ్గాకే పూత. ఆకు కోసమైతే ఎండాకాలం వేసుకోవచ్చు, గింజ మాత్రం సంక్రాంతి అటూ ఇటూనే దొరుకుతుంది.

మొక్కల మార్పిడికి కూడా కాలం ఉంది. మార్చి మధ్య నుంచి తొలకరి దాకా మన ఊళ్ళలో మొక్కలు చేతులు మారడం దండగ. స్కూటర్ మీద తెచ్చేలోపే వాడిపోతాయి, మేడ మీద పెడితే మాడిపోతాయి. ఆ నెలల్లో విత్తనాలే పంచుకోండి. మొక్కలు, కొమ్మలు వానలు పడ్డాక, పొద్దున్నే, తడి పేపరు చుట్టి.

"నా దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదు" అన్నారు. బచ్చలి తీగ ఉందా? పొన్నగంటి? కరివేపాకు పిలక? ఏడాది తోట ఉన్న ఇంట్లో ఇవి లేకుండా ఉండవు, అడిగేవాళ్ళూ ఉంటారు. నిజంగా ఏమీ లేకపోతే పూర్వం పల్లెల్లో చేసినట్టు చేయండి. విత్తనం నాగుకు తెచ్చుకునేవారు, పంట వచ్చాక కొంత కలిపి తిరిగి కొలిచేవారు. "ఇప్పుడు పది గింజలు ఇవ్వండి, కాపు వచ్చాక ఇరవై ఇస్తాను" అనండి. ఇచ్చేవాళ్ళకి ఇదే ఎక్కువ ఇష్టం. ఎందుకో చెబుతాను.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద సింగ్ నగర్ వైపు ముంచెత్తినప్పుడు కింద ఇళ్ళ పెరళ్ళు, డబ్బాల్లో దాచిన విత్తనాలు అన్నీ పోయిన వాళ్ళు నాకు తెలుసు. అందులో ఒకావిడ దగ్గర తెల్ల ముళ్ళ వంకాయ రకం ఉండేది, నాకూ ఇంకొందరికీ అంతకుముందే ఇచ్చారు. నీళ్ళు తీశాక ఆ రకం తిరిగి వాళ్ళింటికి వెళ్ళింది మా మేడల మీద నుంచే. అందుకని ఒక రకాన్ని మీ ఒక్కరి దగ్గరే ఉంచుకోవద్దని కొత్తవాళ్ళకి చెబుతుంటాను. అరుదైనదని దాచుకుంటే ఒక్క వర్షానికో, ఒక్క ఎలుకకో పోతుంది.

దొంగిలించిన మనీ ప్లాంటే బాగా పెరుగుతుందని, ఊరికే ఇచ్చిన మొక్క బతకదు కాబట్టి రూపాయి పెట్టాలని అంటుంటారు. రూపాయి సంగతి మీ ఇష్టం, నేను కూడా ఎవరైనా చేతిలో పెడితే తీసుకుంటాను, నవ్వుకుంటాం. దొంగతనం మాత్రం వద్దు, అడిగితే ఇచ్చే వస్తువు అది.

చట్టం గురించి కొందరు భయపెడుతుంటారు. 2001 నాటి మొక్కల రకాల రక్షణ, రైతుల హక్కుల చట్టం రైతు తన విత్తనం దాచుకోవడానికి, మళ్ళీ వేసుకోవడానికి, ఇచ్చిపుచ్చుకోవడానికి, అమ్ముకోవడానికి కూడా హక్కు ఇచ్చింది. రక్షణ ఉన్న రకాన్ని బ్రాండు పేరుతో ప్యాక్ చేసి అమ్మకూడదంతే. ప్యాకెట్లు కట్టి వ్యాపారంగా అమ్మాలంటే మాత్రం లైసెన్సు కావాలి. కొరియరు ఖర్చు వరకు తీసుకోవడం వేరు, గింజకింత అని రేటు పెట్టడం వేరు. ఇచ్చిపుచ్చుకునే చోట రేట్లు మొదలైతే నేను అక్కడి నుంచి తప్పుకుంటాను.

హైదరాబాద్‌కి పంపడం చాలా తేలిక. ముందు బాగా ఎండాలి, అదీ నీడలో. వేసవిలో శ్లాబు మీద ఆరబెడితే గింజ లోపల చచ్చిపోతుంది. ఎండిందో లేదో చూడాలంటే సొర, గుమ్మడి గింజ వంచండి, వంగకుండా టక్కున విరగాలి. టమాటా గింజని గుజ్జుతో సహా ఒకటి రెండు రోజులు గ్లాసులో పులియబెట్టి, కడిగి ఆరబెట్టండి, చుట్టూ ఉన్న జిగురు పొర పోతుంది. కృష్ణా తీరం గాలిలో తేమ ఎక్కువ, విత్తనానికి అదే శత్రువు. గింజలో తేమ ఒక శాతం తగ్గితే దాని ఆయుష్షు దాదాపు రెట్టింపు అవుతుందని విత్తన శాస్త్రంలో లెక్క. అందుకే కాగితం పొట్లాల్లో వేసి, గాజు సీసాలో సిలికా జెల్ పొట్లంతో పాటు పెట్టి మూత బిగిస్తాను. చిక్కుడు, అలసందకు పుచ్చు పురుగు పడుతుంది. బాగా ఎండిన గింజని గట్టి మూత డబ్బాలో పెట్టి నాలుగైదు రోజులు డీప్ ఫ్రీజర్‌లో ఉంచండి. బయటికి తీశాక డబ్బా చల్లదనం పూర్తిగా పోయేదాకా మూత తీయకండి, లేకపోతే గింజల మీద తడి చేరుతుంది.

పంపే ముందు పది గింజలు తడి టిష్యూలో చుట్టి, ఎన్ని మొలుస్తాయో చూడండి. ఆరు కంటే తక్కువ మొలిస్తే కొంచెం ఎక్కువ గింజలు వేసి, చీటీలో ఆ మాట రాయండి. మామూలు కవరులో పెడితే పోస్టాఫీసు ముద్రల కింద గింజలు నలుగుతాయి, కాబట్టి పాత మాత్రల డబ్బాలోనో, బబుల్ కవరులోనో పెట్టండి. ఉల్లి విత్తనం అయితే ఈ ఏటిదే పంపండి, ఏడాది దాటితే పెద్దగా మొలవదు. ఆడపడుచుగారికి కొమ్మలు పంపాలంటే వచ్చే మనిషి చేతికి ఇవ్వడమే మేలు.

అమెరికాలో ఉన్న పిల్లలకి గోంగూర గింజలు పంపమని కూడా అడుగుతుంటారు చాలామంది. అలా కవరులో పెట్టి పంపకండి. అక్కడ దిగుమతి అనుమతి, ఇక్కడి నుంచి మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. అవి లేకపోతే కస్టమ్స్‌లో తీసేసుకుంటారు. అక్కడి నుంచి ఇక్కడికి తేవాలన్నా 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం కాగితాలు ఉండాలి. అక్కడే ఉన్న తెలుగు వాళ్ళ తోటల్లో గోంగూర ఉంటుంది, వాళ్ళనే అడగమనండి.